నివురు కింద నిప్పు: ఈ ఏటి చలిమంట డైరీ

ఎందుకు మొదలుపెట్టాను

పోయినేడాది మేం వేసిన మంట ఏ గొడవా లేకుండా అయిపోయిందనే అనుకున్నాం. ఎవరికీ సెగ తగల్లేదు, రవ్వలు ఎగరలేదు. రాత్రి పదకొండింటికి మిగిలిన నిప్పుల మీద నాలుగు తట్టల ఇసుక పోసి, పారతో చదును చేసి, ఇళ్లకెళ్లి పడుకున్నాం. మర్నాడు మధ్యాహ్నం మా వీధి చివరింటి ఆరేళ్ల పాప చెప్పుల్లేకుండా ఆ ఇసుక మీదుగా పరుగెత్తింది. రెండే అడుగులు. రెండు అరికాళ్లకీ బొబ్బలెక్కాయి, మూడు వారాలు సరిగ్గా నడవలేకపోయింది. అప్పటికి పద్నాలుగు గంటలు దాటినా కింద నిప్పు అలాగే ఉంది, పైన మాత్రం మామూలు నేలలా కనపడింది. ఆ ఇసుక పోసింది నేనే.

నివురుగప్పిన నిప్పు అని మాటల్లో వాడుతూ ఉంటాం, దాని అసలు అర్థం నాకు ఆ రోజు తెలిసింది. బూడిదైనా ఇసుకైనా నిప్పుకి దుప్పటి కప్పినట్టే. గాలి కొంచెం కొంచెంగా అందుతుంది కాబట్టి బొగ్గు నెమ్మదిగా కాలుతుంది, వేడి బయటికి పోదు కాబట్టి చల్లారదు. ఎర్రగా కనపడుతున్న నిప్పు దగ్గరికి ఎవరూ పోరు, కనపడని నిప్పు మీదే కాలు వేస్తారు.

ఈసారి మంటే వద్దన్నవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలో న్యాయం కూడా ఉంది. నేను మాత్రం వేద్దాం, కాకపోతే మూడు నెలల ముందు నుంచీ దీన్నొక పనిగా పెట్టుకుని చేద్దాం అన్నాను. నోట్‌బుక్ మొదటి పేజీలో ఒక్క లైను రాసుకున్నాను: "మర్నాడు పొద్దున ఆ నేల మీద ఎక్కడైనా సరే అరచెయ్యి ఆనించి ఉంచగలగాలి." మిగతా పనులన్నీ ఆ పొద్దుటి నుంచి వెనక్కి లెక్క వేసుకున్నవే.

12 వారాల ముందు: కట్టెలు

మొదటి పని కట్టెలు. ఇన్నేళ్లూ మంటకి రెండు రోజుల ముందు దొరికిందల్లా పోగేసేవాళ్లం, అందులో సగం పచ్చివే ఉండేవి, కళ్లు మండుతున్నా అదే మామూలనుకునేవాళ్లం. అప్పుడే నరికిన చెట్టు బరువులో దాదాపు సగం వరకూ నీళ్లే ఉండొచ్చు. ఆ నీళ్లన్నీ ఆవిరైతే తప్ప కట్టె సరిగ్గా కాలదు. ఒక కిలో నీళ్లని మామూలు వేడి నుంచి మరిగించి ఆవిరి చెయ్యడానికి సుమారు 2.6 మెగాజూళ్ల శక్తి కావాలి, అదంతా మంటలోంచే పోతుంది. మంట చల్లబడితే కట్టెలోంచి వచ్చే వాయువులు పూర్తిగా కాలకుండా పొగై, మసై పైకి లేస్తాయి. అందుకే పచ్చి కట్టె మండటం తక్కువ, రాజుకుంటూ ఉండటం ఎక్కువ.

తేమ 20 శాతం లోపు ఉంటే కట్టె ఆరినట్టు లెక్క. రెండు సూదులున్న చిన్న తేమ మీటర్ ఒకటి సంపాదించాను. మొదటిసారి తప్పుగా వాడాను. బయటి బెరడు మీద గుచ్చితే 15 అని చూపించింది, సంతోషపడ్డాను. అదే దుంగని గొడ్డలితో చీల్చి లోపలి ముఖం మీద గుచ్చితే 33. కాబట్టి ఎప్పుడు కొలిచినా చీల్చిన కొత్త ముఖం మీదే కొలవాలి. మీటర్ లేకపోయినా పర్లేదు, రెండు కట్టెలు ఒకదానితో ఒకటి కొట్టి చూడండి, ఆరినవైతే టంగుమంటాయి, పచ్చివైతే బద్దుమంటాయి. చివర్లలో పగుళ్లు కూడా ఆరిన కట్టెకి గుర్తు.

లావు దుంగలు చీల్చి పేర్చినా ఆరడానికి ఆరు నెలల నుంచి ఏడాది పైనే పడుతుంది, మాకున్నది పన్నెండు వారాలు. కాబట్టి లావు పచ్చి దుంగలన్నీ ఈ ఏటి లెక్కలోంచి తీసేశాం. పోయినేడాది పడిపోయిన చెట్టు కొమ్మలు, మణికట్టు లావు మించనివి, వాటినే ఎంచుకున్నాం. నేలకి ఆనకుండా కింద రెండు అడ్డకర్రలు వేసి, మధ్యలో గాలి ఆడేలా పేర్చి, పైన మాత్రమే రేకు కప్పాం. పక్కలు కూడా కప్పేస్తే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది.

9 వారాల ముందు: ఏది కాల్చకూడదు

మంట వేస్తున్నామని తెలియగానే ఇంట్లో వద్దనుకున్నవన్నీ వస్తాయి. పాత తలుపు, విరిగిన కుర్చీ, ప్లైవుడ్ బల్ల, పరుపు, ఒకరైతే కరెంటు వైర్ల చుట్ట తెచ్చారు. అందులోంచి రాగి తీసుకోవచ్చట! ఈ ఒక్క వారమే నాకు ఎక్కువ టెన్షన్, ఎందుకంటే వద్దని చెప్పాల్సింది కావాల్సినవాళ్లకే.

వైర్ల మీద తొడుగు పీవీసీ అనే ప్లాస్టిక్. అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, తడి తగిలితే అది ఆమ్లమే, గొంతుని ఊపిరితిత్తుల్ని కోసేస్తుంది. డయాక్సిన్లనే విష పదార్థాలూ పుట్టొచ్చు. ప్లైవుడ్, పొట్టు చెక్క బల్లల్లో జిగురు ఉంటుంది, చాలావాటిలో అది ఫార్మాల్డిహైడ్ అనే విష రసాయనంతో చేసిందే. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఆకుపచ్చ ఛాయ ఉన్న పాత కర్ర కనిపిస్తే ఇంకా జాగ్రత్త. చెదలు పట్టకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు ఎక్కించిన కర్ర అయ్యుండొచ్చు, దాన్ని సీసీఏ అంటారు. అమెరికాలో ఇళ్ల వాడకానికి ఆ మందు ఎక్కించడం 2003 చివరితో చాలావరకు ఆపేశారు, కానీ అంతకుముందు చేసిన కర్ర ఎన్నో చోట్ల ఇంకా ఉంది. కాలిస్తే ఆర్సెనిక్ కొంత పొగలో పోతుంది, మిగతాది బూడిదలో ఉండిపోతుంది. ఆ బూడిద తర్వాత పిల్లలు ఆడుకునే నేలలో కలుస్తుంది.

సరుకు రవాణాకి వాడే చెక్క ప్యాలెట్ల మీద ఒక ముద్ర ఉంటుంది, గోధుమ కంకి బొమ్మ పక్కన అక్షరాలు. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, అంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు తగిలింది. ఎంబీ అని ఉంటే పురుగుల్ని చంపే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది, అది పక్కన పెట్టెయ్యాలి. ముద్ర లేకపోయినా, దాని మీద ఏదో ఒలికిన మరకలున్నా నేను తీసుకోలేదు. ఇంకో సంగతి, ప్యాలెట్లకి మేకులుంటాయి. కర్ర కాలిపోతుంది, మేకులు బూడిదలో మిగులుతాయి, మళ్లీ అరికాళ్ల సంగతే. హెచ్‌టీ ముద్ర ఉన్న నాలుగింటికి మేకులన్నీ పీకడానికి ఇద్దరం ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాం.

తలుపు తెచ్చిన బాబాయి గారు నొచ్చుకున్నారు. "పది మంటలు చూశాను, తలుపు కాల్చినందుకు ఎవరూ పోలేదు" అన్నారు. నేను వాదించలేదు. గడ్డపార అంచుతో రంగు గీకి, కింద మూడు పొరల రంగు చూపించి, "బాబాయి గారూ, ఇది మీ మనవడు కూర్చునే వైపు పొగై వస్తుంది" అన్నాను. ఆయన తలుపు వెనక్కి తీసుకెళ్లారు. మర్నాడు రెండు మోపుల ఎండు కొమ్మలు ఆయనే మోసుకొచ్చారు.

7 వారాల ముందు: చోటు, ఎత్తు

ఖాళీ స్థలం టేపుతో కొలిచాం. మొదట పైకి చూడమన్నాను, ఎందుకంటే అందరూ నేల చూసుకుంటారు, తీగలు మర్చిపోతారు. కరెంటు, టెలిఫోను తీగలు, చెట్ల కొమ్మలు ఏవీ మంట పైన రాకూడదు. ఇళ్ల నుంచి, పార్క్ చేసిన బళ్ల నుంచి కనీసం 18 మీటర్లు, లేదా కుప్ప ఎత్తుకి ఐదు రెట్లు, ఏది ఎక్కువైతే అది అని మా నియమంగా పెట్టుకున్నాం. గడ్డి ఉన్న చోట చుట్టూ మూడు మీటర్ల మేర మట్టి కనపడేదాకా చెక్కేశాం.

సిమెంటు గచ్చు మీద వేస్తే శుభ్రం చెయ్యడం తేలిక కదా అని ఒక తమ్ముడు అడిగాడు. సిమెంటులో, ఏటి రాళ్లలో తేమ దాగి ఉంటుంది. నీళ్లు ఆవిరైతే వాటి చోటు సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది, బయటికి దారి లేకపోతే రాయి పగిలి ముక్కలు ఎగురుతాయి. కాబట్టి మట్టి నేలే మంచిది, మంట చుట్టూ ఏటి రాళ్లు పేర్చకూడదు.

అసలు గొడవ ఎత్తు దగ్గరే వచ్చింది. కుర్రాళ్లకి పెద్ద మంట కావాలి, పోయినేడాది కన్నా పెద్దది, పక్క వీధి కన్నా పెద్దది. వాళ్ల సరదా నాకు అర్థమవుతుంది, నేనూ ఆ వయసులో అంతే. అందుకే కూర్చోబెట్టి రెండు సంగతులు చెప్పాను.

ఒకటి అమెరికాలో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో జరిగింది. విద్యార్థులు ఏటా దుంగలతో పెద్ద కుప్ప కట్టి కాల్చేవారు. 1999 నవంబరు 18 తెల్లవారుజామున, కడుతూ ఉండగానే, సుమారు 5,000 దుంగల కుప్ప కూలిపోయింది. 12 మంది చనిపోయారు, 27 మంది గాయపడ్డారు. అప్పటికి దానికి నిప్పు కూడా పెట్టలేదు. మంట అంటే భయం నిప్పుతోనే అనుకుంటాం, బరువుతో కూడా ఉంటుంది. ఆ తర్వాత విశ్వవిద్యాలయం తన ఆవరణలో ఆ కార్యక్రమం ఆపేసింది.

రెండోది నెదర్లాండ్స్‌లో హేగ్ నగరపు సముద్రతీరం, స్కెవెనింగెన్. 2018 డిసెంబరు 31 రాత్రి వేసిన మంటకి 35 మీటర్ల దాకా అనుమతి ఉంది, కుప్ప అంతకన్నా చాలా పైకి పోయింది. గాలివాటం ఊరి వైపు ఉంది. నిప్పురవ్వలు వానలా ఇళ్ల మీద పడ్డాయి. దాని మీద విచారణ నివేదిక వచ్చాక 2019 అక్టోబరులో నగర మేయర్ రాజీనామా చేశారు.

కుర్రాళ్లు కాసేపు మాట్లాడలేదు. చివరికి ఎత్తు మీటరున్నర, కింద వెడల్పు రెండు మీటర్లు అని తేల్చాం. వెడల్పు ఎత్తు కన్నా ఎక్కువుంటే కుప్ప కాలుతూ లోపలికి కుంగుతుంది, పక్కకి ఒరగదు. నా లెక్క ఇంకొకటి కూడా ఉంది, అది వాళ్లకి తర్వాత చెప్పాను: ఎన్ని కట్టెలు వేస్తే అంత నిప్పు మిగులుతుంది, మిగిలిన నిప్పు అంతా నీళ్లు పోసి ఆర్పాల్సింది మనమే.

5 వారాల ముందు: చిన్న ప్రయోగం

ఒకే కుప్పలోంచి ఎనిమిదేసి కిలోలు తూచి రెండు చిన్న కుప్పలు పేర్చాం. ఒకదానికి మామూలుగా కింద చితుకులు పెట్టి కిందనుంచి ముట్టించాం. రెండోదానికి లావు కట్టెలు అడుగున, సన్నవి వాటి మీద, చితుకులు అన్నిటికన్నా పైన పెట్టి పైనుంచి ముట్టించాం.

కిందనుంచి ముట్టించింది తొందరగా అంటుకుంది గానీ మొదటి పన్నెండు నిమిషాలూ తెల్లటి దట్టమైన పొగ. పైనుంచి ముట్టించింది మూడు నిమిషాలు ఆరిపోతుందేమో అన్నట్టు ఉండి, తర్వాత స్థిరంగా కిందికి దిగుతూ కాలింది, పొగ చాలా తక్కువ. కారణం ఆలోచిస్తే తేలికే. కింద వేడెక్కిన కట్టెలోంచి వచ్చే వాయువులు పైనున్న మంటలోంచే వెళ్లాలి, వెళ్తూ అక్కడ కాలిపోతాయి. కిందనుంచి ముట్టిస్తే ఆ వాయువులు చల్లని కట్టెల మధ్యనుంచి కాలకుండానే జారుకుంటాయి. ఇన్నేళ్ళూ మేం మంటని తలకిందులుగా వేశామన్నమాట.

పెట్రోలు గురించి ఇక్కడే రాసేస్తాను. ఎవరూ, ఎప్పుడూ, ఒక్క చుక్క కూడా వద్దు. మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా పెట్రోలు అంటుకునేంత ఆవిరినిస్తుంది, ఆ ఆవిరి గాలి కన్నా బరువు. కుప్ప మీద పోసి అగ్గిపుల్ల వెతుక్కునేలోపు అది నేల వెంబడి మీ కాళ్ల దాకా పాకుతుంది. పుల్ల గీసినప్పుడు అంటుకునేది కుప్ప కాదు, మీ చుట్టూ ఉన్న గాలి. ఆరిన చితుకులుంటే పెట్రోలు అవసరమే రాదు. అవసరం వచ్చిందంటే కట్టె పచ్చిగా ఉందని, ఆ రోజు మంట వెయ్యకూడదని.

ప్రయోగం అయ్యాక ఒక కుప్పని ఇసుకతో, ఒక కుప్పని నీళ్లతో ఆర్పాం. ఇది నా కోసం చేసుకున్న పని. ఇసుక కప్పినదాన్ని తొమ్మిది గంటల తర్వాత పారతో తీస్తే లోపల ఇంకా ఎర్రగా ఉంది. ఎనిమిది కిలోల కుప్పే అంత! నీళ్లు పోసి కలిపినది ఇరవై నిమిషాల్లో చెయ్యి పెట్టేంత చల్లబడింది. చిన్న మంట మీద ఇసుక చల్లి ఆర్పొచ్చు, గానీ నిప్పుల కుప్పని ఇసుకలో పాతిపెట్టకూడదు.

3 వారాల ముందు: ఇల్లిల్లూ తిరగడం

చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ వెళ్లి తేదీ, సమయం చెప్పాం. అగ్నిమాపక కేంద్రానికి కూడా ముందే చెప్పాం, లేకపోతే దూరం నుంచి పొగ చూసి ఎవరో ఫోన్ చేస్తే నిజంగా అవసరమున్న చోటుకి వెళ్లాల్సిన బండి మా దగ్గరికొస్తుంది. ఒకింట్లో ఆస్తమా ఉన్న పెద్దావిడ ఉన్నారు. "నేను ఆ రాత్రి తలుపులేసుకుని ఉంటాలే నాయనా" అన్నారు. ఆవిడని అలా ఉండమనడం నాకు నచ్చలేదు. పీఎం 2.5 అనే సన్నటి ధూళికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 24 గంటల సగటున ఘనపు మీటరుకి 15 మైక్రోగ్రాములు. కట్టెల పొగలో ఎక్కువగా ఉండేది అదే, మూసిన తలుపుల సందుల్లోంచి కూడా అది వచ్చేస్తుంది.

అందుకని సమయమే మార్చేశాం. చలికాలంలో మేఘాల్లేని, గాలి లేని రాత్రి నేల దగ్గరి గాలి చల్లబడి, దాని పైన వెచ్చటి గాలి మూతలా నిలబడుతుంది. పొగ పైకి పోలేక ఇళ్ల ఎత్తులోనే పరుచుకుంటుంది. పొద్దుగూకినప్పటి నుంచి ఆ మూత బిగుస్తూ పోయి, తెల్లవారుజాముకి బాగా గట్టిపడుతుంది. మేం రాత్రి తొమ్మిదికి ముట్టించేవాళ్లం. ఈసారి సూర్యాస్తమయానికి అరగంట ముందు ముట్టించి ఎనిమిదింటికి ముగించాలని పెట్టుకున్నాం. గాలి ఆ పెద్దావిడ ఇంటి వైపు ఉంటే ఆ రోజుకి మానేస్తామని మాటిచ్చాం.

పాప వాళ్లింటికి చివర్లో వెళ్లాను. వాళ్లమ్మ వినడానికి ఇష్టపడలేదు, తప్పు లేదు. వాళ్ల నాన్న మాత్రం నోట్‌బుక్ తీసుకుని మొదటి పేజీ నుంచి చదివారు. చదివి, "రాత్రి కాపలా ఎవరు?" అన్నారు. ఇంకా అనుకోలేదన్నాను. "నేనుంటాను" అన్నారు.

1 వారం ముందు: రిహార్సల్

రెండు వందల లీటర్ల నీళ్ల డ్రమ్ములు రెండు, పది బకెట్లు, కుళాయి నుంచి మంట దాకా అందే పైపు, రెండు పారలు, పొడవాటి ఇనప దంతె, ఒక దళసరి ఉన్ని దుప్పటి. పైపు అందుతుందనుకుని వదిలెయ్యకుండా పరిచి చూశాం, నాలుగు మీటర్లు తక్కువొచ్చింది. నిప్పు బాధ్యత ఒక్కరిదే, ఆ ఒక్కరూ ఆ రోజు మందు ముట్టకూడదు. ఈసారి అది నేను. పిల్లలకి ఐదు మీటర్ల దూరంలో తాడు కట్టి, తాడు లోపలికి ఎవరూ రాకుండా చూడటానికి ఇద్దరిని పెట్టాం.

బట్టల గురించి అందరికీ చెప్పాం. నూలువి, ఉన్నివి పర్లేదు, నైలాను, పాలిస్టరు రవ్వ తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. వేలాడే చున్నీ, శాలువా కొసలు దోపుకోవాలి. బట్టలంటుకుంటే పరుగెత్తకూడదు, ఆగి, నేల మీద పడి, ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలి. పిల్లల చేత ఇది నిజంగా చేయించాం, వాళ్లకి ఆటలా ఉంది, అదే మంచిది, ఒంటికి గుర్తుంటుంది.

కాలితే చల్లటి కుళాయి నీళ్ల ధార కింద 20 నిమిషాలు పెట్టాలి. ఐసు కాదు, టూత్‌పేస్టు కాదు, వెన్న కాదు, సిరా కాదు. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసెయ్యాలి. కాలిన మూడు గంటల్లోపు ఎప్పుడు పెట్టినా ఆ నీళ్లు మేలే చేస్తాయి. పోయినేడాది పాప కాళ్లకి మేం మొదట పేస్టు రాశాం. ఆ 20 నిమిషాలూ నీళ్లలో పెట్టుంటే గాయం అంత లోతుకి పోయేది కాదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మంట రోజు

పొద్దున కట్టెలని పేర్చిన చోటి నుంచి మంట చోటికి ఒక్కొక్కటే మార్చాం. వారాలుగా కదలని కట్టెల కుప్ప చిన్న ప్రాణులకి ఇల్లు అయిపోతుంది. ఈసారి రెండు కప్పలు, ఒక నలికీచు, అడుగున పిల్లి పడుకున్న గుంట కనపడ్డాయి. పిల్లి లేదు, పిల్లలూ లేవు, అయినా చుట్టుపక్కలంతా వెతికాం. పేర్చి ఉన్న కుప్పకి అలాగే నిప్పు పెట్టుంటే ఆ కప్పలు మాకు తెలియకుండానే కాలిపోయేవి. కట్టెల మధ్య ఒక సంచి కూడా దొరికింది, రాత్రి ఎవరో పెట్టినట్టున్నారు. అందులో పాత గుడ్డలు, ఒక సగం ఖాళీ స్ప్రే డబ్బా. అది మంటలో పేలేది. మార్చడం ఎందుకు, వృథా శ్రమ అన్నవాళ్లు ఆ డబ్బా చూశాక ఏమీ అనలేదు.

సాయంత్రం గాలి చూశాం. ఆకులు, సన్న రెమ్మలు కదులుతూ ఉంటే సరే, దుమ్ము, కాగితాలు లేచి ఎగురుతుంటే గాలి గంటకి 20 కిలోమీటర్లు దాటిందని లెక్క, అప్పుడు మానెయ్యాలి. ఆకులు మాత్రమే కదులుతున్నాయి, గాలివాటం ఖాళీ పొలం వైపు. 5:20కి పైనుంచి ముట్టించాను.

మొదటి గంట ఏ ఇబ్బందీ లేదు. పొగ తక్కువని వచ్చినవాళ్లందరూ గమనించారు, ఆస్తమా ఉన్న పెద్దావిడ కూడా వచ్చి కాసేపు కుర్చీలో కూర్చున్నారు. 6:40కి ఒక లావు కట్టె మధ్యలో విరిగి బయటికి దొర్లింది, తాడుకి ఇంకా మూడు మీటర్లు ఉండగానే ఆగింది. దంతెతో లోపలికి నెట్టాం. ఆ తాడు ఐదు మీటర్ల దగ్గర కాకుండా పిల్లలు అడిగినట్టు రెండు మీటర్ల దగ్గర కట్టుంటే? ఆ కట్టె వాళ్ల కాళ్ల దగ్గరకొచ్చేది. 7 గంటలకి కొత్త కట్టెలు వెయ్యడం ఆపేశాం. కుర్రాళ్లు ఇంకా వేద్దామన్నారు, నేను గడియారం చూపించాను.

ఆ రాత్రి

8:10కి ఆర్పడం మొదలుపెట్టాం. గాలికి ఎగువన నిలబడి, బకెట్ ఒక్కసారిగా గుమ్మరించకుండా అంచుల నుంచి లోపలికి కొంచెం కొంచెంగా పోశాం, ఎందుకంటే నిప్పుల మీద ఒక్కసారే నీళ్లు పడితే లేచే ఆవిరి ముఖాన్ని, చేతుల్ని కాల్చేస్తుంది. నీళ్లు పోయడం, దంతెతో కిందా మీదా కలపడం, మళ్లీ పోయడం. పైన ఆరిపోయినట్టు కనపడ్డ ప్రతిసారీ కలిపితే కింద ఎర్రగా ఉంది. సుయ్‌మనే చప్పుడు పూర్తిగా ఆగేదాకా పోశాం. డ్రమ్ములు రెండూ అయిపోయి పైపు వాడాల్సొచ్చింది, మొత్తం గంటా నలభై నిమిషాలు. ఎవరో నాలుగు నిప్పులు కుంపట్లో వేసి లోపలికి తీసుకెళ్తానన్నారు, చలిగా ఉంది కదా అని. ఇవ్వలేదు. మూసిన గదిలో బొగ్గు నిప్పులు కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి, దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

పది గంటలకి చేతి వెనక వైపు ముందు దగ్గరగా పెట్టి సెగ చూసి, తర్వాత నెమ్మదిగా తాకి చూశాను. చల్లగా ఉంది. బూడిద బురదలా ఉంది. తాడు తియ్యలేదు. పాప వాళ్ల నాన్న కుర్చీ వేసుకుని కూర్చున్నారు, రెండింటికి ఆయన్ని నేను మార్చాను.

మర్నాడు

5:30కి, ఇంకా వెలుతురు రాకముందు, బూడిదకి ఒక అడుగు పక్కన నేలలోంచి సన్నగా పొగ లేవడం చూశాను. మంట వేసిన చోట కాదు, పక్కన, మేం గడ్డి చెక్కిన మట్టిలో! మొదట మంచేమో అనుకున్నాను. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. పారతో తవ్వితే ఒక జానెడు లోతున ఎప్పుడో కొట్టేసిన చెట్టు తాలూకు ఎండిన వేరు, లోపలే ఎర్రగా రాజుకుంటూ పోతోంది. చోటు ఎంచుకున్నప్పుడు పైన తీగలు చూశాం, నేల కింద వేర్లు చూడలేదు. అలా వేరు పట్టుకున్న నిప్పు రోజుల తరబడి పాకి ఇంకెక్కడో పైకి లేవగలదు.

వేరుని చివరిదాకా, దాదాపు మీటరు పొడవునా తవ్వి తీసి నీళ్లలో ముంచాను. గుంట నిండా నీళ్లు పోసి, మట్టిని కలిపి మళ్లీ పోశాను. నోట్‌బుక్‌లో వచ్చే ఏటి పేజీ తెరిచి రాశాను: చోటు ఎంచుకున్నాక గడ్డపారతో అడుగు లోతు గుచ్చి చూడాలి, మొద్దులు, వేర్లు ఉంటే చోటు మార్చాలి.

7 గంటలకి అయస్కాంతం తాడుకి కట్టి బూడిద మీద లాగాం. అన్నీ పీకేశామనుకున్న ప్యాలెట్ల నుంచి పదకొండు మేకులు వచ్చాయి. బూడిదని మూత ఉన్న ఇనప డబ్బాలో ఎత్తి గోడలకి దూరంగా పెట్టాను, నాలుగు రోజులాగి, పూర్తిగా చల్లారిందని చూసుకున్నాకే మొక్కలకి కొద్దికొద్దిగా చల్లుతాను. రంగులూ మందులూ లేని కట్టె బూడిద కాబట్టే అది మొక్కలకి పనికొస్తుంది, అదీ కొంచెమే, క్షారగుణం ఎక్కువ.

తర్వాత పాప వాళ్ల నాన్న వచ్చారు. ఏమీ మాట్లాడకుండా చెప్పులు విడిచి, మంట వేసిన చోట, అంచుల్లో, నేను తవ్విన గుంట పక్కన, ఒక్కో చోట అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచుతూ మొత్తం తిరిగారు. ఆ తర్వాతే తాడు విప్పాం.

మిగిలిపోయిన లావు దుంగలని మధ్యాహ్నం చీల్చి, అడ్డకర్రల మీద పేర్చి, చివర ముఖం మీద సుద్దతో తేదీ వేశాను. లోపలి ముఖం మీద మీటర్ 31 చూపించింది.